ఒకటి విడిచి ఒకటి

ఇంజినీరమ్మ అరచెయ్యి చాపి చూపించగానే ముడి మేస్త్రీకి నవ్వొచ్చింది. ఆ చేతిలో ఉన్నవి ఇనప పిన్నులు. చిటికెన వేలంత పొడవు, రెండు చివర్లా కాస్త వంపు, కాగితాలకి కొట్టే పిన్నుల పట్టీలాగే పాతిక ముప్పై ఒకదానికొకటి జిగురుతో అతుక్కుని ఉన్నాయి.

"ఇనప సీకుల బదులు ఇవేనామ్మా?"

"ఇవే మేస్త్రీ గారూ. ఫైబర్ అంటారు. కాంక్రీటులో కలిపేస్తాం, నీళ్ళు తగలగానే జిగురు కరిగి దేనికది విడిపోతుంది, ఫ్లోరంతా కలిసిపోతాయి. పగులు రాబోతే ఎక్కడికక్కడ ఇవే పట్టుకుంటాయి. ఇంక సీకుల జాలీ కట్టక్కర్లేదు."

"కట్టక్కర్లేదా."

"అక్కర్లేదు."

మేస్త్రీ ఒక పట్టీ తీసుకుని ఎండకి పెట్టి చూశాడు, గోటితో ఒక పిన్ను ఊడదీశాడు, దాన్ని వంచబోయాడు, అది వంగలేదు. "మా ఆవిడ జడలో పెట్టుకోడానికి బావుంటాయి" అన్నాడు.

వెనక నించున్న మరదలు కిసుక్కున నవ్వింది. "అక్కకి అంత జడెక్కడిది బావా, ఉన్నదానికి ఒక్కటి చాలు."

ఇంజినీరమ్మ కూడా నవ్వింది. ఆమెకి ఇది మొదటి సైటు, హెల్మెట్ ఇంకా తళతళలాడుతోంది. మేస్త్రీ నవ్వలేదు. ఆ గోడౌను ఫ్లోరు మొత్తం సీకులు పరిచి ముడి వెయ్యాలంటే తన ఎనిమిదిమంది గుంపుకి రెండు నెలల పని. ఇప్పుడా రెండు నెలలూ ఈ అరచేతిలో పట్టేశాయి.

ఆ సాయంత్రమే సైటు మేనేజరు పిలిచి సంగతి తేల్చేశాడు. లారీలెక్కే ర్యాంపుకి జాలీ కట్టడం రేపటితో అయిపోతుంది, ఎల్లుండి నుంచి గుంపు వేరే చోటికి. మేస్త్రీ ఉంటాడు, పిన్నులు కలిపించే పని చూసుకుంటాడు, సాయానికి ఒక మనిషిని పెట్టుకోవచ్చు. "నీ అనుభవం మాకు కావాలి మేస్త్రీ" అని భుజం తట్టాడు. మేస్త్రీ ఆ పనికి మరదల్ని ఎంచుకున్నాడు. పదకొండేళ్ళుగా ఆమె తన దగ్గరే సీకులు కడుతోంది, చెయ్యి చురుకు, అడిగిందానికి జవాబు, అడగందానికి మౌనం.

మర్నాడు ర్యాంపు మీద ఆఖరి జాలీ కట్టారు. అడ్డం సీకులూ నిలువు సీకులూ కలిసిన ప్రతి చోటా కట్టు తీగ మడిచి దూర్చడం, కొక్కెం తగిలించడం, రెండు తిప్పులు, ఒక లాగు. నడుములు వంచి ఎనిమిదిమందీ ఒకే వరసలో వెనక్కి వెనక్కి జరుగుతుంటే మేస్త్రీ చెప్పుల్లేని కాళ్ళతో సీకుల మీద నడుస్తూ ముప్పై ఏళ్ళుగా అరుస్తున్న అరుపే అరిచాడు.

"అంచున ఒక్క ముడి విడిచారో, వేళ్ళు విరుస్తా! నడుమ ఒకటి విడిచి ఒకటి! ఒకటి విడిచి ఒకటి!"

సీకు జారేది అంచు దగ్గరే. మనుషులు తొక్కేదీ, కాంక్రీటు వచ్చి కొట్టేదీ అంచునే. అక్కడ ప్రతి ముడీ పడాలి. నడుమ సీకు ఎటూ పోదు, దాన్ని చుట్టూ ఉన్నవి పట్టుకుంటాయి, అక్కడ ఒక ముడి విడిచినా దేవుడేమీ అనడు, పని సగానికి సగం తగ్గుతుంది. ఈ ఒక్క లెక్కతోనే అతను మేస్త్రీ అయ్యాడు. ఆ ముడుల మీదే ముడి మేస్త్రీ అన్న పేరొచ్చింది.

*

గోడౌను వెడల్పు ఆరు గళ్ళు, పొడవు తొమ్మిది వరసలు. రోజుకొక వరస పోస్తారు, గడికొక లారీ కాంక్రీటు. లారీ గోడౌను బయట ఆగుతుంది, దాని వెనక ఇనప పరంజా, పరంజా మీద మరదలు, కింద సంచుల గుట్ట దగ్గర మేస్త్రీ. అతను సంచి అందిస్తే ఆమె మూతి కోసి, గిరగిరా తిరుగుతున్న డ్రమ్ము నోట్లో నెమ్మదిగా, జల్లెడ పట్టినట్టు పోయాలి. సంచికి ఒక నిమిషం. అన్నీ పడ్డాక ఇంకో ఐదు నిమిషాలు డ్రమ్ము జోరుగా తిరగాలి. అప్పుడు లారీ లోపలికి వెళ్తుంది. లారీకి ఆరు సంచులు, అలా అని ఇంజినీరమ్మ కాగితం మీద పెద్దగా రాసి పరంజా స్తంభానికి అంటించింది.

మొదటి వరస గోడ వెంబడి పడింది. ఆరు లారీలు, ముప్పై ఆరు సంచులు. కాంక్రీటు పరీక్షించే ల్యాబాయన వచ్చాడు. బట్టతల, మెడలో కళ్ళజోడు తాడు, ఎప్పుడూ తడిగా ఉండే చేతులు. లారీ నుంచి జారే కాంక్రీటులో ఒక పది లీటర్ల బకెట్ పట్టుకుని, జల్లెడలో వేసి పైపుతో కడిగి, సిమెంటంతా పోయాక మిగిలిన కంకర మీద అయస్కాంతం తిప్పాడు. పిన్నులు టకటకా అంటుకున్నాయి. వాటిని ఆరబెట్టి తూచాడు.

"రెండు వందల గ్రాములు రావాలి. నూట తొంభై నాలుగొచ్చింది. బ్రహ్మాండం."

"ఏంటయ్యా, బియ్యంలో రాళ్ళేరినట్టు ఏరుతున్నావు" అన్నాడు మేస్త్రీ.

"రాళ్ళు ఏరి పారేస్తాం. ఇవి ఏరి దాచుకుంటాం."

రెండో వరస మొదటి లారీ వచ్చేసరికి మేస్త్రీ సంచుల గుట్ట మీద కూర్చుని ఫ్లోరు వైపు చూస్తున్నాడు. నిన్నటిది మొత్తం గోడ పక్క వరస, అంతా అంచే, అందుకని అందరికీ సమానంగా ఆరు, అది సబబే. ఇవాళ్టిది అలా కాదు. ఈ చివరొకటి ఆ చివరొకటి గోడకి తగులుతున్నాయి, నడుమ నాలుగూ నడిమి గళ్ళే.

"నడిమి దానికి కూడా ఆరెందుకే?" అన్నాడు.

"కాగితం మీద ఆరని ఉంది బావా."

"కాగితం మీద అంచేదో నడుమేదో రాసుందా?"

ఆమె స్తంభం వైపు వంగి చూసింది. "లేదు."

"మరి? రాసినవాళ్ళు ఎప్పుడన్నా కొక్కెం పట్టారా? అంచుకి గట్టిగా పడాలి, నడుమకి ఒకటి విడిచి ఒకటి. సగం. మూడు చాలు. మిగిలినవి రెండు చివర్లకీ సర్దుతాం, అక్కడ పన్నెండు. ఒక్క సంచి కూడా తగ్గదు, లెక్క లెక్కే, ఫ్లోరు మాత్రం ఏనుగెక్కినా కదలదు."

"అడుగుదామా ఇంజినీరమ్మని?"

"ఎవర్ని? నిన్నగాక మొన్న హెల్మెట్ కొన్న పిల్లనా? అడిగితే పుస్తకం తీస్తుంది. నువ్వు పొయ్యి."

ఆమె సంచి మూతి కోసింది. మొదటి లారీలో పన్నెండు సంచులు, తర్వాత నాలుగింట్లో మూడేసి, మళ్ళీ చివరి దాంట్లో పన్నెండు. ఇంజినీరమ్మ లోపల మట్టం చూసే పరికరం దగ్గర ఒక కన్ను మూసుకుని ఉంది, లారీ డ్రైవర్లు సీట్లో కూర్చుని ఫోన్లు చూసుకుంటున్నారు. సాయంత్రానికి ముప్పై ఆరు ఖాళీ సంచులు గుట్టగా పడ్డాయి. మేస్త్రీ చేతులు దులుపుకున్నాడు. ముడులు వెయ్యకపోయినా ఆ ఫ్లోరులో తన చెయ్యి పడిందనిపించింది, పొద్దున్నుంచీ మొదటిసారి నడుం నిటారుగా పెట్టి నడిచాడు.

మూడో రోజూ అంతే. కాకపోతే లోపల కాంక్రీటు సర్దేవాళ్ళు గోడ పక్క గళ్ళ దగ్గర బూతులు తిడుతున్నారు. పారకి ఉండలు తగులుతున్నాయట, గుప్పెడేసి పిన్నులు ఒకదాంట్లో ఒకటి చిక్కుకుని.

"పిచ్చుక గూళ్ళు పెట్టాయయ్యా మీ పిన్నులు! ఇదిగో బూటులో కూడా దిగింది" అని ఒకడు కాలెత్తి చూపించాడు.

"గూడు పెట్టిందంటే గట్టిగా ఉందని" అన్నాడు మేస్త్రీ.

*

నాలుగో రోజు మూడో లారీ దగ్గర ల్యాబాయన చెప్పాపెట్టకుండా బకెట్ పట్టాడు. కడిగాడు, అయస్కాంతం తిప్పాడు, తూచాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ తూచాడు. తర్వాత ట్రే పట్టుకుని ఇంజినీరమ్మ దగ్గరికి నడిచాడు, ఇంజినీరమ్మ దాన్ని చూసి మేనేజరుకి ఫోన్ చేసింది. పది నిమిషాల్లో పరంజా కింద నలుగురు మూగారు. నాలుగో లారీ డ్రమ్ము ఊరికే తిరుగుతోంది.

"తొంభై ఎనిమిది" అన్నాడు ల్యాబాయన. "రెండు వందలకి."

మేనేజరు గుట్టలో సంచులు లెక్కపెట్టించాడు. పద్దెనిమిది మిగిలాయి. మూడు లారీలు వెళ్ళాయి, మూడు రావాలి, లారీకి ఆరు చొప్పున పద్దెనిమిది. కాగితానికి అతికినట్టు సరిపోయింది. మొదటి లారీ అంచుది, దాంట్లో పన్నెండు పడ్డాయి, తర్వాత రెండింట్లో మూడేసి, అలా సరిపోయిందని తెలిసినవాళ్ళు అక్కడ ఇద్దరే.

"స్టోర్ నుంచి సంచులొచ్చాయి. ఇక్కడ ఖాళీ అయ్యాయి. లారీలో మాత్రం సగమే ఉన్నాయి" అన్నాడు మేనేజరు. "మిగతా సగం నడిచెళ్ళిపోయాయా?"

"పాత ఇనుము కొట్టు ఎంతో దూరం లేదు సార్" అన్నాడు స్టోర్ కీపర్. అతని నడుముకి తాళాల గుత్తి, మాట్లాడినప్పుడల్లా దాన్ని ఆడిస్తాడు. "ఖాళీ సంచి ఎవరైనా చూపిస్తారు. పైన మూతి కోసేది ఎవరో చూడండి."

అందరూ పైకి చూశారు. మరదలు చేతిలో కత్తితో అలాగే నించుంది.

"సంచులన్నీ డ్రమ్ముల్లోనే పోశాను" అంది.

"పోస్తే ఏవమ్మా?"

"ఫ్లోరులో ఉంటాయి. ఇక్కడ తగ్గితే ఇంకోచోట ఉంటాయి, వెతకండి."

"ఫ్లోరు తవ్వి వెతకమంటావా!" మేనేజరు ఇంజినీరమ్మ వైపు తిరిగాడు. "అసలు సగం ఉంటే ఏమవుతుంది? ఫ్లోరు నిలబడదా?"

"సార్, పిన్నంటే సీకే. సీకుల్ని ముక్కలు చేసి కలిపాం అనుకోండి. సగం పిన్నులు లేవంటే సగం సీకులు తీసేసి పోసినట్టే. పైన సరుకు ర్యాకులు నించోబెట్టి, ఫోర్క్‌లిఫ్టులు తిప్పితే నడుమ పగుళ్ళొస్తాయి."

మేస్త్రీ ఆ మాట విన్నాడు. పిన్నంటే సీకే. అతని వేళ్ళు వాటంతటవే కొక్కెం తిప్పినట్టు గాల్లో రెండు తిప్పులు తిరిగి ఆగిపోయాయి. ముడి సీకుని కదలకుండా పట్టుకోడానికి, అంతే, కాంక్రీటు గట్టిపడ్డాక ముడికి పనే లేదు. బలమంతా సీకుది. తను ముడులు విడుస్తున్నాననుకుని సీకులే తీసేశాడు. రెండున్నర వరసల్లో.

మరదలు పైనుంచి అతని వైపు చూసింది. ఒక్కసారే.

అప్పుడు చెప్పాల్సింది. నోరు తెరిస్తే ఒక్క వాక్యం. కానీ మేనేజరు "నీ అనుభవం" అన్న మాటా, హెల్మెట్ పిల్ల అన్న తన మాటా, పిచ్చుక గూళ్ళని తిట్టినవాడి బూటూ అన్నీ కలిసి పిన్నుల ఉండలా ఆ వాక్యానికి అడ్డం పడ్డాయి. తేలు కుట్టిన దొంగలా నించున్నాడు. తర్వాత ఒంటరిగా ఇంజినీరమ్మకి నెమ్మదిగా చెబుదాంలే, అందరి ముందూ ఎందుకు, అనుకున్నాడు. అనుకుంటూ ఉండగానే అంతా అయిపోయింది.

"దిగమ్మా" అన్నాడు మేనేజరు. "పోలీసులూ అవీ నాకొద్దు. రేపట్నుంచి రాకు. గేటు పుస్తకంలో రాసెయ్యండి." తర్వాత మేస్త్రీ వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "నీ తప్పేం లేదు మేస్త్రీ. కింద ఉన్నవాడికి పైన ఏం జరుగుతుందో ఎలా తెలుస్తుంది."

మరదలు కత్తి మడిచి పరంజా మీద పెట్టింది. మెట్లు దిగింది. బావ చెప్పాడని అనలేదు. గుంపులో జరిగింది గుంపులోనే, మేస్త్రీ మాట బయటికి పోకూడదు, అది అతను నేర్పిందే. మిగిలిన మూడు లారీలకీ ఇంజినీరమ్మే పరంజా ఎక్కి సంచులు లెక్కపెడుతూ పోయించింది. ఆరు, ఆరు, ఆరు.

*

గేటు పుస్తకంలో ఒక పేరు పక్కన దొంగ అని పడిందంటే చుట్టుపక్కల ఏ సైటు గేటూ తెరుచుకోదు. కాపలావాళ్ళు వాళ్ళలో వాళ్ళు ఫోన్లో చెప్పుకుంటారు. ఈ సంగతి మేస్త్రీకి తెలుసు, బస్టాపులో అతనికి మూడడుగుల దూరంలో నించున్న మరదలికీ తెలుసు.

"మేనేజరుతో మాట్లాడతాను" అన్నాడు అతను.

"ఏమని?"

"పదకొండేళ్ళుగా తెలిసిన మనిషి, అలాంటిది కాదని."

ఆమె అతని వైపు తిరిగింది. "మంచిదాన్నని సర్టిఫికెట్ ఇస్తావా బావా? నేను మంచిదాన్నని నాకు తెలుసు. వాళ్ళకి కావలసింది సంచులు ఎక్కడున్నాయో."

అతను బస్సు వచ్చే వైపు చూశాడు.

"నువ్వు చెప్తావనుకున్నా. అలా పైన నించుని చూస్తూ, ఇప్పుడు చెప్తాడు, ఇప్పుడు చెప్తాడు అనుకున్నా. ముప్పై ఏళ్ళుగా సీకులకి ముడులేసే మనిషివి, నోటికి కూడా వేసేసుకున్నావేంటి?"

బస్సు వచ్చింది. ఆమె ఎక్కింది. అతను ఎక్కబోయి, ముందు సీటులో కూర్చుని అద్దంలోంచి అటు చూస్తున్న ఆమెని చూసి, కిందే ఉండిపోయాడు. తర్వాతి బస్సులో ఇంటికెళ్ళాడు.

ఇంట్లో భార్య మంచం మీద ఉతికిన బట్టలు మడత పెడుతోంది. ఒకే గది, ఒకే కిటికీ, కిటికీ కింద అతని పని బట్టల కోసం విడిగా ఒక మేకు.

"చెల్లి రాలేదేం? వచ్చి పిల్ల స్కూలు సంచి పట్టుకెళ్తానంది."

"పని మానిపించారు."

"ఎందుకూ?"

"సంచులు తగ్గాయని."

భార్య చేతిలో చొక్కా ఆగింది. "అది దొంగతనం చేసిందంటారా?"

"చెయ్యలేదు."

"చెయ్యలేదని నాకూ తెలుసు. నీకెలా తెలుసు?"

అతను చొక్కా విప్పి మేకుకి తగిలించాడు. అది జారి కింద పడింది. మళ్ళీ తగిలించాడు. భార్య ఆ రెండోసారి తగిలించడం కూడా చూసింది, అతని వీపు చూసింది, చూసి చొక్కా మడత పూర్తి చేసింది, చేతులు లోపలికి, కాలరు పైకి, అరచేత్తో ఒకసారి నొక్కింది.

"అంటే బాగానే తెలుసన్నమాట" అంది. "నాకు చెప్పకయ్యా. నేనేమన్నా మేనేజర్నా? నాకు చెప్తే నీకు తేలికవుతుంది, దానికేం ఒరుగుతుంది?"

అన్నం పెట్టింది. ఎదురుగా కూర్చోలేదు.

*

పొద్దున్న గేటు దగ్గర మరదలు ఉంది. ఆఫీసు గదిలో ఉండిపోయిన తన కొక్కెం, చేతి తొడుగులు తీసుకోడానికొచ్చింది, కాపలాదారు లోపలికి పోనివ్వలేదు. మేస్త్రీ ఆమెని దాటుకుని లోపలికి వెళ్ళాడు. నేరుగా ఫ్లోరు దగ్గరికే వెళ్ళాడు. ఇంజినీరమ్మ, మేనేజరు, ల్యాబాయన, స్టోర్ కీపర్ అక్కడే ఉన్నారు, నాలుగో వరసలో ఏ గళ్ళు పగలగొట్టాలా అని కాగితం పరుచుకుని.

"ఆ సంచులు దొంగతనం కాలేదు" అన్నాడు. "నేనే అలా వేయించాను. నడిమి గళ్ళకి మూడు, అంచులకి పన్నెండు. సీకులు కట్టేటప్పుడు అంచున ప్రతి ముడీ వేస్తాం, నడుమ ఒకటి విడిచి ఒకటి. అదే లెక్క దీనికీ అనుకున్నా. ముడులనుకుని సీకులే తీసేశా."

స్టోర్ కీపర్ తాళాలు ఒకసారి గలగలలాడాయి.

"మరదలంటే మాటలా మరి" అన్నాడు స్టోర్ కీపర్.

మేనేజరు మేస్త్రీ భుజం మీద చెయ్యేసి పక్కకి తీసుకెళ్ళాడు. "నీ మనసు నాకర్థమైంది. కానీ నీలాంటి మనిషి ఇలాంటి పిచ్చి పని చేశాడంటే ఎవడు నమ్ముతాడు? ముప్పై ఏళ్ళ పేరు ఎందుకు పాడు చేసుకుంటావు? అంత జాలైతే ఇంకెక్కడైనా పెట్టించు."

"నిజమే చెప్తున్నా సార్."

"మేస్త్రీ గారూ" అంది ఇంజినీరమ్మ, చాలా మెత్తగా. "మీరు ఆవిణ్ణి వెనకేసుకొస్తున్నారు. అది మంచితనమే. కానీ నా రిపోర్టులో మంచితనం రాయలేను కదా."

మేస్త్రీకి అప్పుడు వింతగా అనిపించింది. నిన్న నోరు మూసుకుంటే నిర్దోషి అన్నారు, ఇవాళ నోరు తెరిస్తే మహానుభావుడంటున్నారు. ఎటు చూసినా తన గౌరవం పెరుగుతూనే ఉంది. గేటు అవతల మనిషి మాత్రం గేటు అవతలే ఉంది.

"సుద్దముక్కుందా?" అన్నాడు ల్యాబాయనతో.

చెప్పులు విడిచి ఫ్లోరు మీదకి నడిచాడు. కాంక్రీటు ఇంకా చల్లగా ఉంది, పైన సన్నటి బూడిద రంగు దుమ్ము. రెండో వరస మొదటి గడిలో మోకాళ్ళ మీద కూర్చుని, అరచేత్తో దుమ్ము తుడిచి, పన్నెండు అని రాశాడు. పక్క గడిలో మూడు. మూడు. మూడు. మూడు. ఆ చివర పన్నెండు. మొదటి గడికి వెనక్కొచ్చి, గోడకి జానెడు దూరంలో చిన్న గుండ్రం గీశాడు.

"ఇక్కడ కొయ్యండి. ఇలాగే పన్నెండు పడిన పక్క వరస గడిలో పారకి గూడు తగిలిందని అరిచాడొకడు. వాడినీ పిలిచి అడగండి."

"కోస్తే తేలిపోతుంది సార్" అన్నాడు ల్యాబాయన. "ఎటూ మిషను తెచ్చాను."

గుండ్రటి బ్లేడు నీళ్ళు చిమ్ముతూ, చెవులు పగిలేలా అరుస్తూ అరగంట దిగింది. ల్యాబాయన లోపలినుంచి చెంబంత కాంక్రీటు ముక్క బయటికి లాగి, పైపుతో కడిగి, ఎండలో తిప్పాడు. కోసిన అంచంతా పిన్నుల కొసలు మిలమిలలాడుతున్నాయి, ఒక పక్కనైతే గుప్పెడు పిన్నులు నిజంగానే గూడల్లినట్టు ముద్దగా, లోపల సిమెంటు కూడా దూరకుండా బోలుగా ఉన్నాయి. తర్వాత మూడు అని రాసిన గడిలో కోశాడు. ఆ ముక్క నున్నగా వచ్చింది, వెతికితే అక్కడొకటి, ఇక్కడొకటి.

ఇంజినీరమ్మ రెండు ముక్కల్నీ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసింది. "మీరు నన్నడగలేదు" అంది చివరికి.

"అడగలేదు."

"అడిగుంటే బావుండేది."

"అవునమ్మా."

మేనేజరు కాగితం మడిచాడు. "అంటే ఇదంతా పగలగొట్టాలా? రెండున్నర వరసలా?"

"గోడ పక్కవి కూడా సార్. ఎక్కువైనా గూళ్ళు కట్టి లోపల బోలు పడింది" అంది ఇంజినీరమ్మ. "ఏ గడిలో ఎంత పడిందో మొత్తం రాయించుకోవాలి ముందు. మేస్త్రీ గారూ, మీరు రాస్తూ వెళ్ళండి. ఎవరైనా ఆవిణ్ణి లోపలికి పిలవండి."

స్టోర్ కీపర్ తాళాలు పట్టుకుని గేటు వైపు నడిచాడు, ఈసారి చప్పుడు లేకుండా.

మరదలు వచ్చి ఫ్లోరు అంచున నించుంది. రెండు ముక్కలు చూసింది, సుద్ద అంకెలు చూసింది, మోకాళ్ళ మీద పాకుతున్న బావని చూసింది. చెప్పులు విడిచి ఫ్లోరెక్కింది. అతని లుంగీ అంచంతా బూడిద రంగయింది. మూడో వరస మొదటి గడిలో పన్నెండు రాశాడు, తర్వాత మూడు, మూడు, నాలుగో గడిలో మళ్ళీ మూడు.

"అది తప్పు" అంది ఆమె.

అతను తలెత్తాడు. "ఏది?"

"అది మూడు కాదు. ఆరు."

"నేను మూడేగా చెప్పింది."

"నువ్వు చెప్పింది మూడే. నువ్వు టీకి వెళ్ళావు ఆ లారీకి. స్తంభం మీద కాగితం నా మొహానికి ఎదురుగా ఉంది. మనసొప్పలేదు, సంచులు నేనే పైకి మోసుకుని ఆరూ వేశాను, ఒక్కొక్కటే, నిమిషానికొకటి. అందుకే ఆ చివర దాంట్లో పన్నెండు పడలేదు, తొమ్మిదే మిగిలాయి. నువ్వొచ్చి లెక్కపెట్టుకోలేదు."

"చెప్పలేదేం మరి?"

"నువ్వెప్పుడైనా అడిగావా బావా?"

ల్యాబాయన మిషను ఎత్తుకుని రెండడుగులు వేశాడు. "కొయ్యమంటారా?"

"కోసి చూసుకోండి" అంది ఆమె, అతనితో కాదు, ఇంజినీరమ్మతో. "పగలగొట్టేవాటిలో మాత్రం దీన్ని కలపకండి. ఇది సరిగ్గా పోశాను."

ఇంజినీరమ్మ తల ఊపి కాగితం మీద ఆ గడి చుట్టూ పెన్నుతో గీత గీసింది.

మేస్త్రీ అరచేత్తో మూడుని రుద్దాడు. సుద్ద కాంక్రీటు గరుకులో దిగిపోయి పూర్తిగా పోలేదు. ఉమ్మి తడి చేసి మళ్ళీ రుద్దాడు. తర్వాత లేచి, మోకాళ్ళు దులుపుకోకుండానే సుద్దముక్క ఆమె చేతిలో పెట్టాడు. ఆమె కూర్చుని ఆరు రాసింది, గుండ్రంగా, పెద్దగా. లేచి తర్వాతి గడి వైపు నడిచింది. అతను గోడకి ఆనించి ఉన్న చీపురు తీసుకుని, సుద్ద సరిగ్గా పడేలా ఆమెకి ముందు దుమ్ము ఊడుస్తూ వెళ్ళాడు.